బయటికి వెళ్లొచ్చా అని అడిగే కంప్యూటర్

పేరాల, చీరాల
జూన్ నెల

చిరంజీవి సురేంద్రకి బావ మార్కండేయులు ఆశీర్వదించి రాసేది.

కవరు చూసి కంగారు పడకు, అందరం క్షేమం. ఇన్నేళ్లూ ఫోన్లో మాట్లాడుకుని ఇప్పుడీ ఉత్తరమేమిటని నీకు అనిపిస్తుంది. కారణం ఉంది. మొన్న మీ అక్కతో నా మోకాళ్ల నొప్పి సంగతి మాట్లాడానో లేదో, సాయంత్రానికి నా ఫోన్లో మోకాలి తైలం బొమ్మ వచ్చింది. ఎవరో వింటున్నారు. కాబట్టి ఈ వ్యవహారం తేలేదాకా ఫోన్లో నువ్వు "బాగున్నావా బావా" అను, నేను "బాగున్నా" అంటాను. అసలు మాటలు కాగితం మీదే.

సంగతేమిటంటే, నేను గీసే చీర అంచులు దొంగలపాలవుతున్నాయి. నిరుడు చిలకముక్కు అంచు గీశాను. మొదటి చీర మగ్గం మీంచి కోసి, మన ఇంటి ఆనవాయితీ ప్రకారం అమ్మవారికి సమర్పించుకుని, రెండోది ఇంకా మగ్గం మీద ఉండగానే మంగళగిరి కొట్లలో మరమగ్గం చిలకముక్కులు వేలాడాయి. పోనీలే అనుకున్నాను. మొన్న ఉగాది వెళ్లాక మిరపపూత అంచు గీశాను. అదీ అంతే. నా చీర పట్టుకుని అక్కడి కొట్టుకి వెళితే కొట్టువాడు, "ఇది అందరి దగ్గరా ఉన్న డిజైనే కదండీ మార్కండేయులుగారూ, ఈ వయసులో మీకు కాపీ ఎందుకండీ?" అన్నాడు. నా అంచుకి నన్నే దొంగను చేశాడురా! ఆ పూట అన్నం సహించలేదు.

గీసేది నేను, ఇంట్లో కంప్యూటర్ మీద. అంచు నేయించే జాకార్డుకి చిల్లుల అట్టలు కొట్టుకునేది నేను. నేసేది నేను. మధ్యలో మరో మనిషి లేడు. మిగిలింది కంప్యూటరే. దాని వెనకాల ఒక వైరుంది, అది వీధిలోకి పోతోంది. నా చిలకలు ఆ వైర్లోంచే పోయాయి. బస్టాండు దగ్గర కంప్యూటర్లు బాగుచేసే షబ్బీర్ గారిని అడిగితే ఫైర్‌వాల్ వేయించుకోమన్నారు. ఏది మంచిదంటే, "చాలా ఉన్నాయండీ" అని టీ తాగడానికి వెళ్లిపోయారు.

ఇప్పుడు పత్తికాయ అంచు గీస్తున్నాను. పగిలిన కాయ, దూది అప్పుడే బయటికి చూస్తున్నట్టు. నా జన్మలో ఇంత మంచిది గీయలేదు. ఇదీ పోయిందంటే గీయడం మానేసి, ఎవరో గీసిన అంచు కూలికి నేసుకుని బతుకుతాను. ఒట్టు. బ్రాడీపేటలో పదిమందికి కంప్యూటర్ నేర్పేవాడివి, పైగా నా బావమరిదివి. ఒక మంచి ఫైర్‌వాల్ చూసి పెట్టు.

నీ బావ


బ్రాడీపేట, గుంటూరు
జూన్ నెల

బావకి నమస్కారాలు.

నీ పుణ్యమా అని చాలా కాలానికి పోస్టాఫీసు గుమ్మం ఎక్కాను. కవరు ఇమ్మంటే కౌంటర్లో అమ్మాయి నావైపు జాలిగా చూసి, "ఎవరైనా పోయారా అండీ?" అంది. బావ ఉత్తరం రాశాడని చెప్పాను. "అయ్యో" అంది.

ఫైర్‌వాల్ అంటే కంప్యూటర్ గుమ్మంలో కూర్చునే కాపలా మనిషి. లోపలికి వచ్చేవాణ్ణీ, బయటికి పోయేవాణ్ణీ చూసి, సరేననుకుంటే వదులుతుంది, కాదనుకుంటే ఆపుతుంది. అంతకు మించి మంత్రమేమీ లేదు. ఇంటి కంప్యూటర్‌కి మూడు దారులున్నాయి. ఒకటి, కంప్యూటర్‌తో పాటే పుట్టి అందులోనే ఉన్నది. ఆన్ చేసుకుంటే చాలు. రెండోది ఇంటర్నెట్‌లో ఊరికే దొరికేది. మూడోది డబ్బు పెట్టి కొనేది, మహా కచ్చితమైనది, ప్రతి చిన్నదానికీ "వీణ్ణి పంపమంటారా, ఆపమంటారా?" అని నిన్నే అడుగుతుంది.

నా మాట వింటే మొదటిది ఆన్ చేసుకుని పడుకో. అయినా దొంగ కంప్యూటర్‌లోనే దూరాడని నీకెవరు చెప్పారు? తైలం బొమ్మ వచ్చిందని మగ్గానికి కాపలా పెట్టేవాణ్ణి నిన్నే చూశాను.

అక్కని అడిగానని చెప్పు.

సురేంద్ర


పేరాల, చీరాల
జూన్ నెలాఖరు

చి. సురేంద్రకి,

నువ్వు చెప్పిన మూడు సంబంధాలూ విచారించాను.

మొదటిది ఇంట్లోదే, మేనరికం. మేనరికం ఎలా ఉంటుందో నాకు ఒకరు చెప్పక్కర్లేదు. (ఈ వాక్యం మీ అక్క చదివింది. కొట్టేయమంది. కొట్టేస్తే ఇంకా బాగా కనపడుతుందని ఉంచాను.) ఇన్నాళ్లూ ఇంట్లోనే ఉండి చిలకముక్కుల్ని ఆపలేనిది పత్తికాయల్ని ఆపుతుందా?

రెండోది ఊరికే ఇస్తామంటున్నారు. అడక్కుండా పిల్లనిస్తామని గుమ్మంలోకి వచ్చారంటే ఏదో లోపం ఉండే ఉంటుంది. పైగా ఎక్కడివాళ్లో కనుక్కుంటే విదేశంవాళ్లు. చీరాల, వేటపాలెం అంతా అడిగాను, వాళ్లని ఎరిగినవాళ్లు ఒక్కరు లేరు. రేపు గొడవొస్తే పెద్దమనుషుల్లో వాళ్ల తరఫున ఎవర్ని కూర్చోబెట్టాలి?

మూడోది నాకు నచ్చింది. ప్రతిదీ పెద్దవాళ్లని అడిగి చేస్తుందన్నావే, అక్కడే పడిపోయాను. ఈ రోజుల్లో అడిగేవాళ్లెవరున్నారు? సిద్ధాంతిగారికి చెబితే ఆయన దాని పుట్టిన తేదీ కావాలన్నారు. పెట్టె మీద విడుదలైన తేదీ ఉంటుందని షబ్బీర్ గారు అన్నారు, ఆయన దగ్గరే చూసి రాసుకొచ్చాను. వేళ కూడా తెలిస్తే మంచిది, కనుక్కుని రాయి. నా జాతకం చూపించనా అంటే అక్కర్లేదు, కంప్యూటర్‌ది తెమ్మన్నారు. బిల్లు మీద తేదీ ఉంది, ఇచ్చాను. పొంతన బాగానే కుదిరింది, కంప్యూటర్‌కే కాస్త కుజదోషం ఉందిట. దానికి మీ అక్క పెసలు దానం చేసింది. పెసలు కాదు కందులివ్వాలని తర్వాత తెలిసింది, అవీ ఇచ్చింది.

ఆషాఢంలో ఏదీ పెట్టకూడదు. అందాకా కంప్యూటర్ వైరు పీకేసి ఉంచుతాను. శ్రావణంలో రోజు చూసి కబురు చేస్తాను, వచ్చి కూర్చోబెట్టు.

నీ బావ


బ్రాడీపేట, గుంటూరు
ఆగస్టు నెల

బావా,

క్షేమంగా చేరాను. చిటికెన వేలి వాపు తగ్గింది. కొబ్బరికాయ సీపీయూ మీదే కొట్టాలని అక్క పట్టుపట్టినప్పుడు చెయ్యి అడ్డం పెట్టడం నాదే పొరపాటు. ఇన్నేళ్లుగా సాఫ్ట్‌వేర్లు ఎక్కిస్తున్నాను కానీ, తూర్పు ముఖంగా కూర్చోబెట్టి, మౌస్‌కి పసుపు రాసి, చేతిలో తాంబూలం పెట్టింది మీ ఇంట్లోనే. ఇప్పటికీ నా కీబోర్డు మీద Y అక్షరం పచ్చగా ఉంది. నా చూపుడు వేలు అక్కడే పడుతుందని తెలిసింది.

ఒక్కమాట గుర్తుపెట్టుకో. అది అడిగినప్పుడల్లా చదివి జవాబు చెప్పాలి. తెలిసినవాటిని పంపించు. అన్నిటినీ ఆపేస్తే కంప్యూటర్ బతకదు. ఏదైనా ఇబ్బందైతే ఇక్కణ్నించే నీ తెర చూసి సరిచేసే ప్రోగ్రాం ఒకటి పెట్టి వచ్చాను. నువ్వు పిలిస్తేనే వస్తాను.

సురేంద్ర


పేరాల, చీరాల
ఆగస్టు నెల

చి. సురేంద్రకి,

నీ ఫైర్‌వాల్ బంగారం. నేను మగ్గం గుంటలో ఉంటాను కనుక జవాబులు చెప్పే పని మీ అక్క తీసుకుంది. పీట వేసుకుని కంప్యూటర్ ముందే కూరగాయలు తరుగుతోంది. అది "ఫలానావాడు బయటికి వెళ్లాలంటున్నాడు" అంటుంది, ఈవిడ పంచాంగం చూస్తుంది.

రాహుకాలంలో ఎవర్నీ పంపదు. మంగళవారం కొత్తవాళ్లెవరూ గడప దాటకూడదు. దీపాలు పెట్టాక అసలే లేదు. మొన్న గడియారం ప్రోగ్రాం ఏదో టైము కనుక్కోవడానికి బయటికి పోతానంది. "గోడకి గడియారం ఉంది, చూసుకో" అని ఆపేసింది. ఇప్పుడు కంప్యూటర్‌లో ఎప్పుడు చూసినా పొద్దున్నే. ప్రింటర్ కూడా ఏదో అడిగింది, నిన్న అడిగినవాడివి మళ్లీ ఈవేళెందుకు అడుగుతున్నావని దాన్నీ ఆపింది. కరెంటు బిల్లు కట్టడానికి నేనే ఎండలో నడిచి వెళ్లొచ్చాను. ఫరవాలేదు, మోకాళ్లకి మంచిదే.

నాకు మాత్రం మొహమాటం. ఒక రోజు ఆవిడ గుడికి వెళ్లినప్పుడు నేను కూర్చున్నాను. ఒకటి తర్వాత ఒకటి వచ్చి అడుగుతుంటే కాదనలేకపోయాను, గుమ్మంలోకి వచ్చి అడిగినవాణ్ణి వద్దని ఎలా అంటాం? అన్నిటికీ సరేనన్నాను. ఆవిడ వచ్చి నన్ను లేపేసింది.

పత్తికాయ మొదటి చీర కోశాను. శుక్రవారం అమ్మవారికి కట్టారు. దూది వెలుతురు పడి మెరుస్తుంటే నేనేనా నేసిందని నాకే అనుమానం వచ్చింది. రెండో చీర మగ్గం మీద ఉంది. ఈసారి ఎవడెత్తుకుపోతాడో చూస్తాను.

నీ బావ


బ్రాడీపేట, గుంటూరు
ఆగస్టు నెలాఖరు

బావా,

అమ్మవారి మీద పత్తికాయ అంచు చూశాను. గుళ్లోవాళ్లు పంపిన ఫొటో దగ్గరికి లాగి చూస్తే దూది పీచు కూడా కనపడింది. కళ్లమ్మట నీళ్లొచ్చాయి. మా బావ నేసిందని నా క్లాసులో అందరికీ పంపించాను. వాళ్లు వాళ్లవాళ్లకి పంపారు.

అక్కకి చెప్పు, కంప్యూటర్ మంగళవారం కూడా అప్‌డేట్ చేసుకోవాలి. దానికి వారాలు ఉండవు.

సురేంద్ర


పేరాల, చీరాల
సెప్టెంబరు నెల

సురేంద్రకి,

పత్తికాయలు గుంటూరు బజారులో వేలాడుతున్నాయి. నైలాన్ దూది. నా చీర వెలలో పదో వంతు కూడా లేదు. నా కళ్లతో చూసి వచ్చాను. మీ ఇల్లు అక్కడికి దగ్గరే అయినా రాలేదు.

ఇంటికొచ్చి ఫైర్‌వాల్ ముందు కూర్చున్నాను. ఎవరెప్పుడు గడప దాటారో అది రాసి పెడుతుందని నువ్వే చూపించావు. పైనుంచి కిందిదాకా చదివాను. నేను మొహమాటపడ్డ ఆ ఒక్క పూట తప్ప, మీ అక్క ఎవర్నీ పోనివ్వలేదు. రాహుకాలం, దుర్ముహూర్తం, వర్జ్యం, అన్నిటికీ అడ్డుపడింది. ఒక్కడు మాత్రం ఏ వారమైనా, ఏ వేళైనా ఆగకుండా వచ్చి వెళ్లాడు. అది నువ్వు పెట్టి వెళ్లిన ప్రోగ్రాం. ఎందుకు వదిలావని మీ అక్కని అడిగితే, "మా తమ్ముణ్ణి గుమ్మంలో నిలబెట్టి తిథి చూడమంటావా?" అంది.

కాపలాకి పిలిచినవాడే కన్నం వేశాడని నేననను. నాకు చదువు తక్కువ. కానీ నా తెర చూడగలిగినవాడు ఈ లోకంలో ఇంకెవరున్నారో నువ్వే చెప్పు. కాగితం మీదే చెప్పు. గీయడం మానేశాను. అట్టలు అటక మీద పెట్టేశాను. రేపట్నించి చేనేత సొసైటీ వాళ్లిచ్చిన సాదా అంచు నేస్తాను.

మార్కండేయులు


గుంటూరు
సెప్టెంబరు నెల

మార్కండేయులు గారికి,

మీ ఉత్తరం అందింది.

మీ తెర నేను చూసింది ఒకే ఒక్కసారి. అది తలకిందులైందని, మీరు దానికి సమానంగా మెడ వంచి గీస్తున్నారని అక్క ఫోన్ చేస్తే సరిచేశాను. మిగతా వేళల్లో ఆ ప్రోగ్రాం ఊరికే "నేను బతికే ఉన్నాను" అని బయటికి చెప్పుకుంటూ ఉంటుంది, దాని స్వభావమే అంత. ఈ ముక్క ఫోన్లో అడిగి ఉంటే అరక్షణంలో చెప్పేవాణ్ణి. అనుమానం కవర్లో పెట్టి, తపాలా బిళ్ల అంటించి పంపించారు. పోస్టాఫీసు అమ్మాయి అడిగింది నిజమే అయింది, మనిషి పోయినట్టే ఉంది నాకు.

మీ చిలకముక్కు చీరే మా పెళ్లిరోజుకి నా భార్యకి పెట్టారు. అది కట్టుకుని ఆవిడ ఎక్కడికెళ్లినా "మా అన్నయ్యగారు గీశారు" అని చెప్పుకుంటుంది. ఆవిడకి నేనేం చెప్పను?

ఆ ప్రోగ్రాం తీసేసుకోండి. దసరాకి మమ్మల్ని పిలవొద్దు, పిలిచినా రాము.

సురేంద్ర


పేరాల, చీరాల
అక్టోబరు నెల

ఒరేయ్ తమ్ముడూ,

నేను ఉత్తరాలు రాయను, తెలుసుగా. మీ ఇద్దరూ గారూ గారూ అనుకుంటుంటే వినలేక రాస్తున్నా.

మొన్న శుక్రవారం గుడికెళ్లా. దసరా అలంకారం. జనం కిటకిట. ఒక్కరు దండం పెట్టట్లేదురా, అందరి చేతుల్లో ఫోన్లే. నా ముందు నిలబడ్డాయన అమ్మవారి మొహం వదిలేసి పాదాల దగ్గర కుచ్చెళ్లు ఫొటో తీస్తున్నాడు. ఏందయ్యా అంటే, "మాది మరమగ్గాలమ్మా, అమ్మవారి చీరలు కొత్తగా ఉంటయ్యి, ప్రతి శుక్రవారం వస్తా" అన్నాడు. ఎంత భక్తో చూడు. పైగా ప్రసాదం రెండోసారి పెట్టించుకున్నాడు.

జనాన్ని తోసుకుని ముందుకెళ్లా. పంతులుగారిని అడిగితే అలంకారం కాగానే ముందొకటి, పక్కనుంచొకటి, అంచు దగ్గరగా ఒకటి తీసి గుడి గ్రూపులో పెడతారంట. కింద "సమర్పించినవారు మార్కండేయులు, రాఘవమ్మ దంపతులు" అని ఫోన్ నంబరుతో సహా. మనమేమో కంప్యూటర్‌కి కందులు దానం చేస్తిమి.

ఇంటికొచ్చి మీ బావ ఫోన్ చూశా. పత్తికాయ ఫొటో ఆయన చేత్తో ఆయనే పంపించాడు, చుట్టాలకి, సొసైటీకి, మంగళగిరి కొట్టువాడిక్కూడా. నేను నా స్టేటస్‌లో పెట్టా. నువ్వేమో మీ క్లాసుకి పంపావంట. దొంగ గుడికొచ్చే దాకా కూడా పనిలేదు, మనమే ఇంటింటికీ తిరిగి ఇచ్చొచ్చాం. కంప్యూటర్ ఒక్కటే ఎవరికీ చెప్పలేదురా, పాపం. దాన్నే టైము కూడా చూసుకోనివ్వకపోతిని.

మీ బావకి చెప్పా. మగ్గం గుంటలోంచి లేచొచ్చి కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. తర్వాత, "సురేంద్రని అన్నానే" అన్నాడు. అంతే అన్నాడు. నువ్వు రారా.

మీ అక్క
రాఘవమ్మ


పేరాల, చీరాల
కార్తీక మాసం

ఒరేయ్ సురేంద్రా,

మీ అక్కకి నువ్వు రాసిన ముక్క చూశాను. "విషయం తెలిసింది. బావ తన నోటితో అనాలి." నోటితో అందామని ఫోన్ చేశాను. వినేవాళ్లు వింటారు, విననీ అనుకునే చేశాను. నువ్వు ఎత్తలేదు. మళ్లీ చేశాను, మళ్లీ ఎత్తలేదు. కాబట్టి ఇక్కడే అంటున్నాను. తప్పు నాది. నిన్ను దొంగన్నాను. సాదా అంచు నేస్తూ ఎన్నిసార్లు మగ్గం మీద నాడె ఆపి కూర్చున్నానో మీ అక్కని అడుగు. అంచులు పోతే కోపం వచ్చింది, నువ్వు "గారు" అని రాస్తే ఏడుపు వచ్చింది.

అటక మీది అట్టలు దింపాను. కొత్త అంచు గీశాను. సజ్జకంకి. మీ అక్క అడ్డంగా ఒక మాట అంది. "తొలి చీర అమ్మవారిదే. కోసిన రోజే కట్టాలని అమ్మవారేమైనా అడిగిందా?" సిద్ధాంతిగారు కూడా పంచాంగం తిరగేసి, అలా ఎక్కడా లేదన్నారు. తొలి చీర దేవుడి గదిలో ఉంచి, సొసైటీలో నలుగురి మగ్గాల మీద అదే అంచు ఎక్కించి, కొట్లకి చీరలు చేరిన రోజునే అమ్మవారికి ఇచ్చాం. అమ్ముడవుతాయో లేదో ఇంకా తెలీదు.

ఇక్కడ నా బుద్ధి ఒకటి చెప్పాలి. కట్టే ముందు పంతులుగారి చెవిలో, అంచు లోపలికి మడిచి కట్టమన్నాను. ఆయన సరేనని మడుస్తున్నారు. జనం ఫోన్లు పట్టుకుని నిలబడ్డారు. మీ అక్క చూపించిన ఆ మరమగ్గాల ఆయన అందరికన్నా ముందే ఉన్నాడు, మెడ చాచి చూస్తున్నాడు. అతని పక్కనే ఎవరో ముసలావిడ, ఫోన్ కూడా లేదు, "అంచేదయ్యా, అంచు కనపడదేం?" అని అడిగింది. సురేంద్రా, నాకు సిగ్గేసింది. మా నాన్న అంచు గీసి ముందు వీధిలోకి పట్టుకెళ్లి చూపించేవాడు. కనపడకుండా దాచుకోవడానికి నేయడమెందుకు? "బయటికే తీయండి పంతులుగారూ" అన్నాను. ఆవిడ ముందుకి వంగి తేరిపార చూసి దండం పెట్టుకుంది. మరమగ్గాల ఆయన ఫొటో తీసుకున్నాడు. కాస్త పక్కకి జరిగి వెలుతురు పడేలా నిలబడమని నేనే చెప్పాను. ఏం చేసేది, వెలుతురు ఎటుందని అడిగాడు మరి.

ఆ రోజు నువ్వొస్తావని మీ అక్క నీ పేరు చెప్పి ఒక గిన్నెడు పులిహోర పక్కన పెట్టింది. నువ్వు రాలేదు. ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. మర్నాడు నేను అడిగితే నామీదకి గరిటె లేపింది. ఇప్పుడది వాసన వేస్తోంది. పారేస్తానంటే వద్దంటుంది, తమ్ముడిదంటుంది. ఈ ఉత్తరం నీకు చేరేసరికి ఇంట్లో నిలబడలేం.

వచ్చి నీ చేత్తో పారెయ్యరా.

బావ